దాచిన పాట, దాటించిన పాట

విండోస్ 95 వచ్చింది 1995 ఆగస్టు 24న. కంప్యూటర్ ఆన్ చేయగానే ఆరు సెకన్ల పాటు ఒక స్వరగుచ్ఛం మోగేది. దాన్ని కట్టినవాడు బ్రయాన్ ఈనో అనే ఇంగ్లిష్ సంగీతకారుడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు అడిగి చేయించుకున్న ఆ బాణీని తాను ఆపిల్ వారి మ్యాక్ మీద కూర్చానని తర్వాతెప్పుడో ఆయనే చెప్పాడు. విండోస్ 95 కథ 2001 డిసెంబరుతో ముగిసింది. కంపెనీ దాని ఆలనాపాలనా మానేసింది. ఇవాళ దాని మీద ఉత్తరం ముక్క టైపు చేసేవాళ్ళు కూడా అరుదు. ఆ ఆరు సెకన్ల మోత మాత్రం 2025లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో, అంటే ఆ దేశం పదిలపరచదగ్గవని ఎంచుకున్న ధ్వనుల పట్టికలో, చోటు సంపాదించింది. ఇల్లు పడిపోయినా గుమ్మానికి కట్టిన గంట మోగుతూనే ఉంది. ఎవరో ఒకరు ఆ గంటను ఒక గుమ్మం నుంచి విప్పి ఇంకో గుమ్మానికి కట్టుకుంటూ రాబట్టే అది మోగుతోంది. నాకు ఇందులో ఒక సూత్రం కనిపిస్తుంది: దాచిన పాట నిలవదు, దాటించిన పాట నిలుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసుకోవడమనే విసుగుపుట్టించే పనిని ఈ సూత్రం పట్టుకుని చూస్తే, దాని మీద మనకున్న కోపం సగమైనా చల్లారుతుందని నా వాదన.

కోపం ఉన్న మాట నిజం. తెర మీద ‘కొత్త వెర్షన్ సిద్ధం’ అన్న కబురు కనపడగానే చెయ్యి దానంతటదే ‘తర్వాత’ అన్న బటన్ మీదికి పోతుంది. ఫొటోలు పోతాయేమో, ప్రింటర్ మొరాయిస్తుందేమో అన్న భయాలు ఎలాగూ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ బెంగ పాటల మీదే. ఇది కాస్త విచిత్రం. ఫొటో మనం తీసింది, ఉత్తరం మనం రాసింది. పాట రాసినవారెవరో, వరస కట్టినవారెవరో, పాడినవారెవరో. అయినా ‘నా పాటలు’ అనే అంటాం. ఏళ్ళ తరబడి క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి, సీడీల నుంచి దింపుకున్నవి, పెన్‌డ్రైవుల్లో చేతులు మారినవి, ఒక్కొక్కటీ ఏరి, ఫోల్డర్లు కట్టి, మన ఇష్టానికి తగ్గ వరసలో పేర్చుకున్నాం. మనదైనది ఆ ఏరుకోవడం. అందుకే అది చెదిరిపోతే పుస్తకాల బీరువా ఎవరో తలకిందులు చేసినట్టుంటుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి ఉచిత మద్దతు ఆగిపోయినప్పుడు ‘తర్వాత’ బటన్‌కు గడువు దాటింది. ఇల్లు మారేటప్పుడే ఏ సామాను సొంతమో, ఏది అద్దెకు తెచ్చుకున్నదో తేలుతుంది. పాటల విషయంలో ఈ లెక్క తేల్చే గుమాస్తా ఆపరేటింగ్ సిస్టమ్.

ఈ గుమాస్తా లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో 2008లో తెలిసింది. మైక్రోసాఫ్ట్ అంతకు కొన్నేళ్ళ ముందు ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ పేరుతో నెట్‌లో పాటల దుకాణం తెరిచింది. డబ్బు కట్టి పాట దింపుకుంటే దానికొక డిజిటల్ తాళం ఉండేది. తాళంచెవి ఇచ్చే సర్వరు కంపెనీ దగ్గర ఉండేది. 2006లో దుకాణం కట్టేసి, 2008 ఆగస్టు 31 తర్వాత తాళంచెవులు ఇవ్వబోమని అదే ఏడాది ఏప్రిల్‌లో కొనుగోలుదారులకు చెప్పారు. పాత కంప్యూటర్ మీద, పాత సిస్టమ్‌తో ఉన్నంతకాలం పాట మోగుతుంది. కంప్యూటర్ మార్చినా, అదే కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా మళ్ళీ చెవి కావాలి, ఇచ్చేవారుండరు. గోల పుట్టాక గడువును 2011 చివరికి పొడిగించారు. గడువు పెరిగినంత మాత్రాన వస్తువు సొంతమైపోదు. ఆపిల్ కూడా మొదట్లో తన ఐట్యూన్స్ పాటలకు ఇలాంటి తాళమే వేసి, 2009 జనవరిలో తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఈ కథలో పాటను చంపింది అప్‌గ్రేడ్ కాదు. పాట ఊపిరి మన చేతిలో లేదన్న నిజాన్ని బయటపెట్టిందంతే. ఇల్లు మారకపోతే ఆ సంగతి ఇంకొన్నాళ్ళు తెలియకుండా ఉండేది, అంతకుమించి ఒరిగేది లేదు.

పాట ఎలా నిలుస్తుందన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. తెలుగు పాటకు ఇందులో ఐదారు వందల ఏళ్ళ అనుభవం ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) కూర్చిన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. చెద పట్టదు, తడికి చివకదు, అగ్గికి ఓ పట్టాన లొంగదు. ఆ కాలానికి అంతకన్నా గట్టి హార్డ్ డిస్క్ లేదు. రేకులు నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దంలో వెలికి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల చేతుల మీదుగా అచ్చయ్యాయి. మాట దక్కింది, ప్రతి కీర్తనకూ రాగం పేరు దక్కింది, వరస దక్కలేదు. మధ్యలో పాడి పాడించే పరంపర చాలామేరకు తెగిపోయింది. ఇవాళ మన చెవులకు అలవాటైన అన్నమయ్య బాణీల్లో చాలావరకు రాళ్ళపల్లి వారూ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారూ కొత్తగా కట్టినవే. త్యాగరాజ స్వామి (1767–1847) సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన రాగిరేకులు చెక్కించలేదు. శిష్యులకు నేర్పాడు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యశాఖలు ఆ కృతులను గొంతు నుంచి గొంతుకు దాటించాయి, కొందరు రాసీ పెట్టారు. శాఖకూ శాఖకూ పాఠం తేడా ఉంది, కొన్ని కృతులకు రాగమే మారింది. అయినా మాటా వరసా కలిసి ప్రాణంతో మన దాకా వచ్చాయి. లోహం మోయలేని బరువును మనుషుల గొంతులు మోశాయి.

ఈ పోలికను కంప్యూటర్ దగ్గరికి తెచ్చి చూద్దాం. రాగిరేకు మీది రాగం పేరు ఒక సంకేతం. దాన్ని విప్పి వినిపించాలంటే ఆ కాలపు గాయకుడు కావాలి. ఫైలు కూడా అంతే. అది సున్నాలూ ఒకట్ల వరస మాత్రమే. దాన్ని విప్పి పాడే గాయకుడు ఒక సాఫ్ట్‌వేర్, ఆ గాయకుడికి వేదిక ఆపరేటింగ్ సిస్టమ్. వేదిక మారినప్పుడల్లా కొందరు గాయకులు వెనక్కి తప్పుకుంటారు. 1995లో వచ్చిన రియల్ ఆడియో పద్ధతి ఒకనాడు ఇంటర్నెట్‌లో పాట వినడానికి దాదాపు పర్యాయపదం. ఇవాళ ఆ ఫైలు చేతికిస్తే మామూలు కంప్యూటర్ తెల్లమొహం వేస్తుంది. 2019 అక్టోబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను ఒక్కసారిగా పక్కన పెట్టింది, ఐట్యూన్స్‌ను విడగొట్టి మ్యూజిక్ అనే కొత్త యాప్ తెచ్చింది. పాత ప్రోగ్రాముకు తప్ప ఎవరికీ అర్థంకాని రూపంలో ఉన్న పాట ఆనాటితో రాగిరేకు అయిపోయినట్టే. వస్తువు చెక్కుచెదరకుండా ఉంటుంది, పాట వినపడదు. ఎమ్‌పీ3, ఫ్లాక్ వంటి రూపాల్లో ఉన్నవాటికి ఈ గండం చాలా తక్కువ. 2001 నుంచి ఉన్న ఫ్లాక్ ఎవరి సొత్తూ కాదు. ఎమ్‌పీ3 మీది పేటెంట్ల గొడవ 2017తో తీరిపోయింది. వాటిని పాడగల ‘శిష్యులు’ ప్రతి వేదిక మీదా ఉన్నారు. చెక్కిన లోహం గట్టిదనం కన్నా నేర్చినవారి సంఖ్యే పాటకు కాపుదల.

అప్‌గ్రేడ్ అంటే తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఉండదనుకోవడం కూడా సరికాదు. తెలుగు పాటల పేర్లనే చూడండి. ఎమ్‌పీ3 ఫైలులో పాట వివరాలు రాయడానికి 1996లో ఐడీ3 అనే చిన్న పెట్టె పుట్టింది. మొత్తం 128 బైట్లు. పాట పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30. కళాకారుడంటే ఒక్కడే అన్నది ఆ పెట్టె నమ్మకం. మనకు పాట వినగానే వచ్చే మొదటి ప్రశ్నలు మూడు: రాసిందెవరు, స్వరం కట్టిందెవరు, పాడిందెవరు. ఆ పెట్టెలో గీత రచయితకు గది లేదు, సంగీత దర్శకుడికీ లేదు. తెలుగు లిపికైతే చోటే లేదు. ఇప్పటి లెక్కలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే గుణింతాలూ వత్తులూ కలిపి ముప్పై బైట్లలో పది గుర్తులకు మించవు. రెండేళ్ళకు వచ్చిన రెండో వెర్షన్ ఆ ముగ్గురికీ మూడు గదులు కట్టింది, యూనికోడ్‌కు తలుపు తీసింది. విండోస్ వైపు 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు రూపంలో తెలుగు అక్షరం సిస్టమ్‌లో భాగమైంది. అంతకు ముందరి సిస్టమ్‌ల మీద తెలుగులో పేరు పెట్టిన ఫైలు డబ్బాల వరసలానో, ప్రశ్నార్థకాల దండలానో కనపడడం మామూలు. 2018 ఫిబ్రవరిలో ఇంకో ముచ్చట జరిగింది. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒకానొక విధంగా కూర్చి పంపితే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా ఆ ఒక్క తెలుగు అక్షరాన్ని చూసి బెదిరింది. అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 ఆ జబ్బు కుదిర్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని మోయడం యంత్రానికి చేతనయ్యేలా చేసింది కూడా ఒక అప్‌డేటే.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. అన్నిటికన్నా బలమైనది ఇది. 1902 నవంబరులో రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతును లక్క రికార్డు మీద పట్టాడు. ఆ రికార్డు ఇవాళ దొరికితే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అక్కరలేకుండా, సూది పెట్టి తిప్పితే పాడుతుంది. ఇరవై ఏళ్ళ నాటి ఫైలు పాడదు. మరి ఏది గొప్ప? వాదన వినడానికి బాగుంది, కానీ అది బతికి బట్టకట్టినవాటినే లెక్కపెడుతుంది. లక్క రికార్డు గాజు గిన్నె లాంటిది, జారితే ముక్కలు. ఎన్ని పగిలాయో, ఎన్ని అరిగాయో లెక్క రాసినవాడు లేడు. మూలప్రతిని కాపలా పెట్టి దాచినంత మాత్రాన కూడా భరోసా లేదు. 2008 జూన్ 1న అమెరికాలో యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలు లేచి ఎన్నో మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఇంకో సంగతి: గౌహర్ జాన్‌ను ఇవాళ వింటున్నవాళ్ళలో సూది పెట్టి వింటున్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్ళు వింటున్నది ఎవరో ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించిన ప్రతిని. లక్క ఆమె గొంతును దాచింది. ఆ గొంతు మన చెవిని చేరింది ఆ దాటింపు వల్ల.

రెండో వాదన: దాటించేటప్పుడే కదా మునిగేది? దీనికి సాక్ష్యం చేతిలోనే ఉంది. మైస్పేస్ అనే వెబ్‌సైటు సర్వర్లు మార్చే క్రమంలో, 2015కు ముందు పన్నెండేళ్ళలో జనం ఎక్కించుకున్న పాటలు పోయాయని 2019లో బయటపడింది. ఐదు కోట్లకు పైగా పాటలన్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు తర్వాత చిక్కినవి ఐదు లక్షల లోపే. ఇది దాటింపు మీద నేరారోపణలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది దాటించే పద్ధతి మీద పాఠంలా కనిపిస్తుంది. తాటాకు గ్రంథం ఎత్తిరాసే లేఖకుడు కొత్త ప్రతి ముగించి, పాతదానితో సరిచూసుకున్నాకే పాత కట్టను పక్కన పెట్టేవాడు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తెలుగు గ్రంథాలకు దొరికిన పాఠాలన్నీ తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ శ్రమ లేకపోతే మన చేతికి రాని పుస్తకాలెన్నో. ఒకే కట్టను ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చడం సామాను తరలింపు. దారిలో పడితే పోయినట్టే. ప్రతి తీయడం వేరు, అక్కడ పాతది పాతచోటే ఉంటుంది. డిజిటల్ లోకంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. త్యాగరాజ కృతికి పాఠాంతరం తప్పలేదు గానీ, ఫైలుకు తీసిన ప్రతి, బిట్టు పొల్లుపోకుండా మూలంతో సమానం. ఒక్క జాగ్రత్త మాత్రం చాలు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుండే ధ్వనిని ఎమ్‌పీ3 128 దాకా కుదించగలదు, పోయినది పోయినట్టే. దాన్ని మళ్ళీ పెద్ద రూపంలోకి మార్చి మెరుగుపడిందనుకోవడం అటుకులు దంచి వడ్లు చేయబోవడమే. కాబట్టి రూపం మార్చకుండా ప్రతులు తీయాలి. మార్చక తప్పనప్పుడు మూలాన్ని వదులుకోకూడదు.

మూడో వాదన ఈ తరానిది: అసలు ఫైళ్ళెందుకు, నెలకింత కడితే ప్రపంచంలోని పాటలన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా? నిజమే, కుళాయి ఇంట్లోకి వచ్చాక బావి దగ్గరికెవరు పోతారు. కొత్త పాటల పరిచయానికి స్ట్రీమింగ్‌ను మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే కుళాయి తిప్పడం మన చేతిలో, నీళ్ళు వదలడం వాళ్ళ చేతిలో. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. దాని శ్రోతలను యూట్యూబ్ మ్యూజిక్‌కు మారమన్నారు. అలా మారమనడం కూడా ఒక అప్‌గ్రేడే, మన చేతిలో లేని అప్‌గ్రేడ్. పైగా అన్ని పాటలూ అన్న మాటలో కూడా అతిశయోక్తి ఉంది. ఆ కొట్టులో దొరికేవి హక్కుదారు ఎవరో తేలినవి, లైసెన్సు కుదిరినవి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో వచ్చి ఎవరి ఇంట్లోనో టేపు మీదికెక్కిన పాట, ఊళ్ళో కచేరీలో ఎవరో పట్టుకున్న రాగాలాపన, సినిమాలో వచ్చి రికార్డుకెక్కని పద్యం వెతికితే దొరకకపోవచ్చు. ఒకే పాట పేరు కింద అసలు పాటకు బదులు మళ్ళీ పాడించిన నకలు వినిపించడమూ ఉంది. ఘంటసాల గొంతు కోసం వెళ్ళినవాడికి ఘంటసాల లాంటి గొంతు దొరికితే దాహం తీరినట్టు కాదు. ఇష్టమైన పాట అంటే ఆ పాట మాత్రమే కాదు, ఆ గొంతు, ఆ ఊపిరి, ఆ రోజు స్టూడియోలో పడిన ఆ గమకం. ఆ ఒక్క ప్రతిని కాపాడుకునే బాధ్యత కుళాయి వాడు తీసుకోడు. రోజూ కుళాయి వాడుకుంటూనే పెరట్లో బావి పూడిపోకుండా చూసుకోవడం పాతకాలపు చాదస్తమేమీ కాదు.

నాలుగోది న్యాయమైన ఫిర్యాదు: బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పాతబడిందని కంపెనీ ఎందుకు తేల్చాలి? విండోస్ 11 టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలనీ, ఫలానా తరం ప్రాసెసర్ ఉండాలనీ షరతులు పెట్టడంతో, చక్కగా నడుస్తున్న ఎన్నో కంప్యూటర్లు అర్హత కోల్పోయాయి. ఇక్కడ నేను కంపెనీల పక్షాన మాట్లాడను. భద్రతా లోపాలకు మందు రావడం ఆగిన సిస్టమ్‌ను నెట్‌కు తగిలించి ఉంచడం తలుపు తీసి నిద్రపోవడం లాంటిదే గనుక మారక తప్పదు. కానీ ఏ దారిన మారాలన్నది వాళ్ళొక్కరే నిర్ణయించేది కాదు. ఆ పాత పెట్టెలోనే లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు. నెట్ తీసేసి పాటల పెట్టెగానే ఉంచుకోవచ్చు. గమనించాల్సిందేమిటంటే, ఈ స్వేచ్ఛ ఉన్నది తాళం లేని ఫైలు ఉన్నవాడికే. ఫ్లాక్ పాటకు కింద నడుస్తున్నది విండోసా, మ్యాకా, లైనక్సా అన్న పట్టింపు లేదు. పాటలు సొంతమైనవాడు యంత్రం విషయంలో కంపెనీతో బేరమాడగలడు. పాటలు అద్దెవైతే ఆ పాటల కోసమైనా వాళ్ళు చెప్పిన ఇంటికే మారాల్సి వస్తుంది.

ఇన్ని వాదనల తర్వాత మిగిలే పని చిన్నదే. సిస్టమ్ మార్చే ముందు పాటల ఫోల్డరును వేరే డిస్కు మీదికి ఒకసారి, ఇంకోచోటికి ఇంకోసారి ప్రతి తీయాలి. నాలుగు పాటలు తెరిచి మోగుతున్నాయో లేదో చూడాలి. మూలన పడి ఉన్న వింత రూపాల ఫైళ్ళను, పాడగల ప్రోగ్రాము ఇంకా దొరుకుతున్నప్పుడే నలుగురికీ తెలిసిన రూపంలోకి తేవాలి. కుదిరితే రాసినవారి పేరు, వరస కట్టినవారి పేరు, పాడినవారి పేరు తెలుగులో నింపాలి. రాగిరేకు చెక్కినవాళ్ళు మాటా రాగమూ రాసి, వరస ఎటూ అందరికీ తెలిసిందే కదా అనుకుని ఉంటారు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నదే ముందుగా మాయమవుతుందని ఆ రేకులు చెబుతున్నాయి. ట్రాక్ 07 అని పేరున్న ఫైలు రేపటివాడికి అలాంటి రేకే. ఇంకో పని కూడా ఉంది, దాని మీద ఏ సాఫ్ట్‌వేర్ బటనూ ఉండదు. ఆ పాటను ఇంట్లో ఇంకొకరి చెవిన వేయాలి. ఫైలును ఎంత దాటించినా, వినాలన్న కోరిక దాటకపోతే పాట అక్కడే ఆగిపోతుంది. ఇవన్నీ ఒక్క పూటలో అయ్యే పనులు కావు గనుక, తెర మీది ఆ కబురుకు ఇవాళ్టికి ‘తర్వాత’ అని బదులివ్వడంలో తప్పేమీ లేదు. ఆ తర్వాతలో ఒక ప్రతి తీసుకుంటే చాలు.